పటంలో టి-3

ఇల్లు కొన్నప్పుడు లాయరు పంపిన కట్టలో
పదిహేడో పేజీ మీద ఒక ఆకుపచ్చ సున్నా.
పక్కన చీమంత అక్షరాల్లో: టి-3.
పైకప్పు కారుతుందా, బాయిలరు వయసెంత,
అడగాల్సినవన్నీ అడిగాను.
సున్నా ఏమిటని అడగలేదు.

స్టాక్‌పోర్ట్‌లో నవంబరు.
తాళాలు చేతికొచ్చిన సాయంత్రం
పెరట్లోకెళ్ళి తలెత్తితే
సున్నాకి అరవై అడుగుల ఎత్తుంది.
ఆష్ చెట్టు.
దాని కొమ్మ ముట్టాలంటే కౌన్సిల్‌కి అర్జీ పెట్టాలి,
ఎనిమిది వారాలు ఎదురు చూడాలి.
వేరుకి గునపం తగిలినా జరిమానా.
చెట్టు నాదే,
చెల్లుబాటయ్యే మాటే నాది కాదు.
అది యజమాని, నేను అద్దెకొచ్చినదాన్ని
అనుకుని నవ్వుకున్నాను కూడా.

పక్కింటి గ్లెనిస్ చట్టం తెలిసిన మనిషి.
నా పేర్ చెట్టు కంచె దాటి చెయ్యి చాపితే
సరిగ్గా కంచె దాకానే కోసి
పురికొసతో మోపు కట్టి
నా గుమ్మం ముందు పెట్టింది.
మోపు మీద రెండు పచ్చి కాయలు.
"కొమ్మలు మీవి. కాయలూ మీవే."
అంత మర్యాదగా
నన్నెవరూ ఎప్పుడూ దెబ్బలాడలేదు.

సెప్టెంబరులో ఒక ఆదివారం
ఆష్ మాను మీద, నా భుజమెత్తున,
మాడిన దిబ్బరొట్టెలా ఏదో అతుక్కుని ఉంది.
ఫొటో తీసి చెల్లికి పంపాను.
"పచ్చడేది?" అని రాసింది మాధురి.
ఇద్దరం నవ్వుకున్నాం.
ఆ ఏడాది పైకొమ్మలకి ఆకు పల్చబడింది,
అదీ చూశాను.
చూసి, పొయ్యి మీద పాలు గుర్తొచ్చి
లోపలికెళ్ళాను.

నా ఉద్యోగం ఎక్స్‌రే గదిలో.
ముక్కూ మొహం తెలియని వాళ్ళ ఎముకల్లో
వెంట్రుకవాసి చీలిక కోసం
రోజుకి నలభైసార్లు కళ్ళు చిట్లిస్తాను.

ఫిబ్రవరి గాలికి
నడి కొమ్మ విరిగి
గ్లెనిస్ గాజు పందిరి మీద పడింది.
ఆ వేళకి రోజూ ఆమె అక్కడే ఉంటుంది,
రేడియో, టీ కప్పు, జెరేనియం కుండీలు.
ఆ రోజు పంటి డాక్టరు దగ్గర
బస్సు ఇరవై నిమిషాలు ఆలస్యం.
కుర్చీలో గాజు పెంకులు కూర్చుని ఉన్నాయి.

ఇన్సూరెన్సు అమ్మాయి గొంతు తియ్యగా అడిగింది:
"ఇంతకు ముందు ఏమైనా లక్షణం గమనించారా?"
గాలి చేసిన తప్పు గాలిదే.
కానీ తెలిసి ఊరుకుంటే,
బుద్ధున్న మనిషికి తెలియాల్సినది తెలియకపోయినా,
ఆ కొమ్మ పడింది నా చేతిలోంచే.
చట్టం ఇంకేమీ అడగదు.
నీకు తెలుసా, లేదా?

ఫోన్లో దిబ్బరొట్టె అలాగే ఉంది,
తారీఖుతో, నాలుగూ పది నిమిషాలతో.
చెరిపెయ్యడానికి బొటనవేలు చాలు.
వేలు అక్కడే చాలాసేపు నిలబడింది.

"గమనించాను," అన్నాను.
అవతల కీబోర్డు చప్పుడు
కాసేపు ఆగి, మళ్ళీ మొదలైంది.

డెక్లన్ తాడు నడుముకి కట్టుకుని
కొయ్య సుత్తితో మానుని తట్టాడు.
చుట్టూ తిరుగుతూ, చెవి ఆన్చి.
దిబ్బరొట్టె కింద చప్పుడు
ఖాళీ బిందెది.
కూల్చాక వలయాలు లెక్కపెడదామని వంగాను.
నడిమధ్య తడి పొట్టు తప్ప ఏమీ లేదు.

పైకొమ్మల కట్టెలు బాగానే ఉన్నాయి.
రెండు చేతుల నిండా మోసుకెళ్ళాను.
గ్లెనిస్ తలుపు సగమే తీసింది.
"ఇవి మీవి కదా."
"చట్టం ప్రకారం నావే," అన్నాను.
మోచేతులు నొప్పెడుతున్నాయి.
ఆమె కట్టెల వైపు చూసింది, నా వైపు చూసింది,
మిగతా సగం తీసింది.

కౌన్సిల్ ఉత్తరం మేలో వచ్చింది.
తీసేసిన చోటే మరొకటి నాటవలెను.
నాటినది నాటిన రోజునుంచే రక్షితం.
నవంబరు దాకా ఆగి
హార్న్‌బీమ్ మొక్క తెచ్చాను, నా నడుమెత్తుంది.
గ్లెనిస్ ఊతకర్ర పట్టుకుంది, వంకరగా.
నేను మట్టి తొక్కాను.
ఆరు ఆకులున్నాయి, రెండు అప్పటికే ఎర్రబారాయి.
ఉత్తరంతో కొత్త పటం పంపారు,
పాత సున్నానే,
అంతే పెద్దది.